తలుపు దాకా ఎన్ని సెకన్లు

ఈ ఉదయం పామర్రులో ఐసు ఫ్యాక్టరీ గేటు దాటగానే, నీళ్ళు గడ్డకట్టించడానికి వాడే అమోనియా ఘాటు ముక్కుకి తగిలింది. వెంటనే రాజేశ్వరి గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

విజయవాడ వన్ టౌన్‌లో, ఒక గోడౌన్ మీది రెండు గదుల్లో, గాలిలో గ్యాస్ ఎంతుందో కొలిచే యంత్రాలకి మేము సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. ఆవిడే మాకు పెద్ద. యంత్రం సెకనుకో అంకె ఇస్తుంది. పక్కన ఏ మోటారు తిరిగినా ఆ అంకె ఊరికే ఎగిరిపడుతుంది. అందుకే చివరి కొన్ని అంకెల సగటు తీసి చూపిస్తాం, అలారం కూడా ఆ సగటు మీదే మోగుతుంది. వచ్చిన అంకెను వచ్చినట్టే చూపిస్తే పోలేదా అని చేరిన కొత్తలో అడిగాను.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పచ్చు నాయనా. గాలి అలా కాదు, నాలుగు మెతుకులు చూడాలి. అలాగని కుండంతా తిన్నాక చెప్తానంటే కుదరదు" అన్నారు.

ఎన్ని మెతుకులో తేల్చడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. ఎక్కడికెళ్ళినా యంత్రం దగ్గర కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ తలుపు దాకా నడిచేవారు. అమోనియా సోకితే కళ్ళు తెరుచుకోవు మరి. అక్కడ పనిచేసే మనిషి సెకన్లు లెక్కపెట్టాలి. ఎన్ని సెకన్ల అంకెలకి సగటు తీస్తామో, అది అందులో సగానికి మించకూడదు. నాకదంతా చాదస్తంగా తోచేది, వెనకాల నవ్వుకునేవాణ్ణి.

మంగళగిరి దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని, అలారం ఊరికే మోగుతోందని రోజూ ఫోన్ చేసేవాడు. విసుగెత్తి, ఆవిడకి చెప్పకుండా, పది సెకన్ల సగటును రెండు నిమిషాలు చేశాను. తెర మీద గీత ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. యజమాని మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. పదిరోజులకి పైపు దగ్గర అమోనియా లీకైంది. లీకుకి ముందరి అంకెలు కూడా కలవడంతో నా సగటు నింపాదిగా పెరుగుతూ కూర్చుంది. అలారం మోగేసరికి ఆపరేటర్ నాంచారయ్య గుమ్మం బయట పడివున్నాడు.

ఆస్పత్రిలో ఆయన కళ్ళకి కట్లున్నాయి. జరిగింది అప్పటికే కనిపెట్టిన రాజేశ్వరి గారితో కలిసి మంచం పక్కన నిలబడ్డాను.

"చెప్పు శీనూ. నువ్వేం చేశావో ఆయనకి తెలియాలి" అన్నారు ఆవిడ.

చెప్పాను. "అది మోగుద్దన్న ధైర్యంతోనే కదండీ లోపలికెళ్ళేది" అన్నాడు నాంచారయ్య. అక్కడే ఏడ్చేశాను. తర్వాత ఆయనకి చూపొచ్చింది గానీ, ఎడమకన్ను ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటుంది.

ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆస్పత్రికెళ్ళిన మర్నాడు, అమోనియా లీకైన గదికే తీసుకెళ్ళి "కళ్ళు మూసుకుని నడువు" అన్నారంతే. రెండుసార్లు మోకాలు కొట్టుకుని ముప్ఫై నాలుగు సెకన్లకి బయటపడ్డాను. "ఇప్పుడు ఎంత పెట్టాలో నువ్వే పెట్టు" అన్నారు.

ఇవాళ ఐసు ఫ్యాక్టరీ యజమాని కూడా "గీత కాస్త నున్నగా రావాలండీ" అన్నాడు.

"మీరు చూసుకోవడానికి నున్నటి గీత ఇస్తానండీ. అలారానికి మాత్రం వేరే లెక్క" అన్నాను.

అక్కడి ఆపరేటర్‌ని పిలిచి సెకన్లు లెక్కపెట్టమన్నాను. ఎందుకని నవ్వుతూ అడిగాడు, నేను సంగతి చెప్పాక నవ్వడం మానేశాడు. యంత్రం పక్కన నిలబడి గోడ మీద చెయ్యి వేశాను. తలుపు చేతికి తగిలేదాకా కళ్ళు తెరవలేదు.