ఉమ్మరాదు, జీవా ఆర్ట్స్

“చదువొచ్చు కదండీ మీకు? ఇంతింత అక్షరాలు కనపళ్ళేదా?”

“కనపడ్డాయండి. చదువుతూనే ఉన్నాను. ఈలోగా వచ్చేసింది.”

“వచ్చేస్తే సరిగ్గా నా పేరు మీదేనాండి?”

“నీ పేరని నాకేం తెలుసయ్యా? అయినా ఇలాంటి చోట పేరు రాసుకోమని ఎవడు చెప్పాడు నీకు?”

రాజమండ్రిలో మేనమామ కట్టిన కాంప్లెక్సుకి కాపలాదారో మేనేజరో తనకే తెలియని శశిభూషణ్, ఆ కేకలు విని రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళాడు. మలుపు దగ్గర పెయింటరు జీవరాజు చేతిలో తడి బ్రష్షు ఊగుతోంది. దానికి బెత్తెడు దూరంలో కోరుకొండ రైతు దొరబాబు గారి తెల్ల చొక్కా ఉంది. గోడ మీద ‘ఇచ్చట ఉమ్మరాదు’ అన్న నీలం అక్షరాలు ఇంకా ఆరలేదు. కింద మూలన చిన్నగా ‘జీవా ఆర్ట్స్’ అని రాసినచోట కిళ్ళీ రసం ఎర్రగా కారుతోంది.

“ఎందుకండీ ఈ పని?” అన్నాడు శశి.

“పైన పళ్ళ డాక్టరు గారి దగ్గరికండి. నోట్లో కిళ్ళీతో ఆయన ముందుకెలా వెళ్తాం? మర్యాదగా ఉంటుందా?”

శశికి తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఆ గోడ చూసి ఆగాడు.

ఇంజినీరింగు మధ్యలో వదిలేసి ఇక్కడ కూర్చున్నాక అతనికి ఒంటబట్టిన చదువు ఇదొక్కటే. ఈ మెట్ల మీద ఉమ్మేవాడెవడూ మొరటువాడు కాడు. అందరూ మర్యాదస్తులే. లాయరు గారి గుమ్మం ముందు, ఆడిటరు గారి గుమ్మం ముందు, ఆఖరికి పళ్ళ డాక్టరు గుమ్మం ముందు కూడా నోరు ఖాళీ చేసుకుంటారు. లోపలికెళ్ళి ‘నమస్కారమండి’ అనాలి కదా మరి! ఆ మర్యాదంతా ఇక్కడ మూలల్లో అట్టలు కట్టి ఉంటుంది. దాన్ని కడిగించాల్సింది శశి.

“పన్ను పీకేస్తోందండి, ఏమనుకోకండే,” అంటూ దొరబాబు గారు పైకెళ్ళిపోయారు.

జీవరాజు కిరసనాయిలు గుడ్డతో తన పేరు తనే తుడుచుకున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో సగం బోర్డులు ఆయన చేతివే. బట్టల కొట్లు, సినిమా హాళ్ళు, ఊరు దాటితే రావులపాలెంలో అరటిగెలల కమీషను కొట్లు. ప్రతి దాని మూలనా ‘జీవా ఆర్ట్స్’ ఉండాల్సిందే. బస్సు కిటికీలోంచి నాన్న పేరు ముందుగా ఎవరు చూస్తారా అని పిల్లలు పందెం వేసుకునేవారు. ఫ్లెక్సీలొచ్చి ఆ బోర్డులన్నీ దించేశాయి. ఇప్పుడాయన్ని పిలిచేది రెండు రకాల గోడలకే. ఒకటి ఇది. రెండోది ఇంతకన్నా కంపు.

“పోనీ పేరు మానేయండి, జీవరాజు గారూ,” విసుగ్గా అన్నాడు శశి. “ఎవడో ఒకడు మళ్ళీ వస్తాడు. నేనెంతమందితో దెబ్బలాడను?”

“పేరు లేకుండా ఏ గోడా వదల్లేదండి నేను.” మళ్ళీ అక్కడే, అంతే జాగ్రత్తగా రాయడం మొదలుపెట్టాడు. ‘జీ’ అయ్యాక బ్రష్షు ఆగిపోయింది. “మొన్న మా మనవరాల్ని స్కూలు నుంచి తీసుకొస్తున్నానండి. కొత్తగా చదవడం వచ్చింది కదా, దారంతా గోడలన్నీ చదువుతోంది. ‘తాతా, నీ పేరున్న చోటల్లా కంపు కొడుతుందేంటి?’ అంది.”

పైనుంచి డాక్టరు గారితో దొరబాబు గారు వినయంగా మాట్లాడటం వినిపిస్తోంది.

జీవరాజు బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“బాబూ, మీ మావయ్య గారితో ఓ మాట చెప్తారా? మేడ మీద వాటర్ ట్యాంకు ఉంది కదండీ, రోడ్డు మీదకి బాగా కనపడతది. దాని మీద ఏదోటి రాయించమనండి. ఏదైనా పర్లేదు, మీ ఇష్టం. అంత ఎత్తుకి ఎవడూ ఉమ్మలేడు కదండీ.”