అక్క చేతిలోంచి లాక్కున్న పోస్టుకార్డు

మా ఆడబిడ్డ కాలేజీ కోసం "నేనెందుకు రాస్తాను" అని వ్యాసం రాస్తోంది. చూస్తే నాకు కుళ్లు పుట్టింది. అయిదో తరగతితో బడి మానినా, నాకూ ఒక కారణం ఉండేది.

పసుపు పోస్టుకార్డులు గుర్తున్నాయా మీకు? పొదటూరుపేటలో మా అవ్వ, పుత్తూరులో ఉన్న తన చెల్లెలికి జాబు రాయించాలంటే అక్కనే పిలిచేది. నేను రాస్తానంటే, "నీ రాత కోడి గీరినట్టుండాది, పో పాపా," అనేది. ఆ ఉక్రోషంతో మా మగ్గానికి నూలు చుట్టివచ్చే కాగితాలన్నీ రాసి నింపాను.

ఒకరోజు అక్క ఇంట్లో లేదని అవ్వ కార్డు నాకిచ్చింది. అవ్వ చెప్పిందంతా రాసి, అడుగున "రాసింది చిన్నది, పెద్దది కాదు" అని చేర్చాను.

జవాబును అక్కే చదివింది: "ఇంక చిన్నదాంతోనే రాయించు."

"దీనికేనా ఇంత పాటు పడినావు?" అంటూ అక్క విసురుగా లేచిపోయింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.