దండ వేయడానికి పంపిన జబ్బార్ సార్

ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరైనా నిమ్మకాయ పిండితే, ఆ వాసనకు నాకు ముందు కోపం వస్తుంది, తరువాతే దాహం వేస్తుంది. ఆ కోపమంతా జబ్బార్ సార్ మీద. సిద్దిపేట బస్టాండు ఎదురుగా, మెట్లెక్కితే వచ్చే ఇరుకు గదిలో ఆయన మాకు వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్పేవారు. నేర్పేవారు అనడం కూడా పెద్ద మాటే. సూటిగా జవాబు చెబితే ఎక్కడ అరిగిపోతారో అన్నట్టు, ప్రశ్నకు ప్రశ్న వేసి చాయ్ తాగడానికి కిందికి దిగిపోయేవారు.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులవి. మా గది కిందే రిలే దీక్షల టెంటు. రోజుకో ఊరివాళ్లు వచ్చేవారు. పొద్దున మెడలో బంతిపూల దండ వేసి కూర్చోబెట్టేవారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపేవారు. ఏ రోజు ఎవరు కూర్చున్నారో ఇంటర్నెట్‌లో పెట్టే పని సార్ తన నెత్తికెత్తుకుని, అక్కడి నుంచి నా నెత్తిన పెట్టారు. ఒక రోజు దుబ్బాక నేతపనివాళ్ల వంతు వచ్చింది. వాళ్లలో మా బాపు ఒకడు.

కంప్యూటర్ చదువు మీద బాపుకు మొదటి నుంచీ నమ్మకం లేదు. బస్సు దిగగానే తేల్చేశాడు.

"గిన్ని నెలల సంది ఏం నేర్చుకున్నవో పొద్దుమీకి నా కండ్లతోని చూస్త. ఏం లేదంటె రేపటి సంది ఇంటికాడ కండెలు సుట్టు."

మగ్గానికి కండెలు చుట్టడం నాకు బాగా వచ్చు. చిన్నప్పటి నుంచీ చుట్టాను. ఇక చుట్టదలచుకోలేదు.

పైకెక్కి, ఆ రోజు పేర్లు ఎక్కించి పేజీ తెరిచాను. దీక్షకు వచ్చిన ప్రతి మనిషి పేరూ మల్లేశమే. నర్సయ్య అనే మా బాపు కూడా మల్లేశమే. చివర ఎక్కించిన పేరు అందరికీ అంటుకుంది. ఒక్కో మనిషికి ఒక్కో ఆబ్జెక్ట్, అంటే ప్రోగ్రాంలో విడిగా ఒక్కో గూడు, తయారు చేసినా ఇలా ఎందుకయిందో అర్థం కాలేదు. సార్ నా భుజం మీదుగా తొంగి చూశారు. తప్పు ఆయనకు దొరికిపోయిందని ఆ మీసాల కింది నవ్వే చెప్పింది.

"ఎవలిని పిలుస్తున్నవ్, బేటీ?"

"ఎవలినో పిలుస్తున్న. తప్పేడుందో చెప్పున్రి సార్, మీ కాళ్లు మొక్కుత! బాపు పైకొస్తడు."

"అట్లనా. కింద దండలేసెటోళ్లు లేరట. పోయి ఏసి రా."

ఒళ్లు మండిపోయింది. పీకల మీదికొచ్చిన వేళ పూల పనా? విసవిసా మెట్లు దిగాను.

టెంటంతా గోల. బుట్ట పట్టుకుని "రాన్రి, దండ ఏసుకోన్రి" అని అరిచాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే తప్ప ఎవరూ కదలలేదు. అంతలో మైకులో ఎవరో "జై తెలంగాణ" అంటే టెంటు మొత్తం ఒక్క గొంతుతో పలికింది. నేను మళ్లీ దండలన్నాను, మళ్లీ ఎవరూ లేవలేదు. చిర్రెత్తి "నర్సయ్యా!" అని కేక పెట్టాను. తండ్రిని పేరు పెట్టి పిలిచిన కూతురిని చూసి అందరూ పగలబడి నవ్వారు. లేచి మెడ వంచింది మాత్రం బాపు ఒక్కడే.

దండ చేతిలో ఉండగానే నాకు వెలిగింది. నినాదం గుంపంతటిదీ, ప్రోగ్రాం భాషలో అది స్టాటిక్. దండ ఎవరి మెడకు వారిదే. నేను పేరును కూడా స్టాటిక్ అని రాసిపెట్టాను. అంటే ఆ గూళ్లన్నిటికీ మూసలాంటి క్లాసు మొత్తానికీ కలిపి ఒకటే పేరు. ఆ పేరు చెప్పే మెథడ్ అనే కోడు ముక్క కూడా మనిషిని వదిలేసి గుంపును అడుగుతోంది.

మిగిలిన దండలు పేరుపేరునా వేసి పైకి పరిగెత్తాను. స్టాటిక్ అన్న మాట తీసేసి, ప్రతి మెథడూ తన మనిషినే అడిగేలా మార్చాను. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. సార్ చాయ్ మాత్రం అయిపోలేదు.

సాయంత్రం బాపు వాడిన దండతోనే పైకి వచ్చాడు. తెర మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"నర్సయ్య. నేనే." వేలు కిందికి జరిపి, "మల్లేశం గాడేడి?" అన్నాడు. చూపించాను. "అందరున్నరు" అన్నాడు.

కండెల మాట ఎత్తలేదు. సార్ నిమ్మరసం గ్లాసు తెచ్చి నా ముందు పెట్టారు.

"నాకెందుకు సార్? నేను దీక్షల కూసోలె."

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా? తాగు."

అప్పుడుగానీ నాకు ఆకలి తెలియలేదు. తప్పెక్కడుందో ఆ ఒక్క మాట పొద్దునే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని నాకు ఇప్పటికీ ఉడుకుతుంది.

నిన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, కస్టమర్లందరికీ ఒకటే పేరు వస్తోందని ఏడుపు మొహంతో వచ్చింది. తప్పు చూడగానే కనబడింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా?"

ఆ పిల్ల పళ్లు నూరుకుంటూ వెళ్లిపోయింది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. నేను లేచి, క్యాంటీన్‌కు వెళ్లి నిమ్మకాయ అడిగాను.