సంతకం పెట్టని మా సారు

మా సారు పోయారన్న సంగతి మొన్న సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో చూశాను. కిందనే మేనేజరు మెసేజ్: "అంకితభావం గల ఉద్యోగిని కోల్పోయాం." చదివితే ఒళ్లు మండింది. ఆయన్ని కాప్రా గోడౌనులో పాత ఫైళ్ల మధ్య కూర్చోబెట్టిన మనిషే ఈ మాట రాశాడు.

రాంగోపాల్‌పేట్‌లోని మా బ్యాంకు ఆఫీసులో క్రెడిట్ కార్డు మోసాల ఫిర్యాదులు సారే చూసేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఎవరొచ్చినా ముందు కూర్చోమని మంచినీళ్లిచ్చేవారు, తర్వాతే కాగితాలు అడిగేవారు. "సొమ్ము పోయినోళ్లను దొంగల లెక్క నిలబెట్టొద్దు" అనేవారు.

ఒకరోజు కార్ఖానా బస్తీ నుంచి బట్టలు కుట్టే ఆమె ఒకరు వచ్చింది. ఎవరో విదేశీ వెబ్‌సైటులో ఆమె కార్డు వాడేశారు. అక్కడ ఓటీపీ అడగరు. విదేశీ వాడకం కావాలని ఆమె ఎన్నడూ అనలేదు. కార్డు అంటగట్టిన ఏజెంటే ఫారంలో ఆ గడికి టిక్కు పెట్టేశాడు.

"నేనెవ్వరికీ నంబర్ చెప్పలే సార్. ఫోన్ సుత రాలే" అంది.

మేనేజరు మాత్రం తప్పంతా ఆమెదేనని లేఖ టైపు చేయించి, సారు సంతకానికి పంపాడు. సారు దాన్ని తీసుకుని అతని గదిలోకి వెళ్లారు. వెనకాలే నేను.

"మొదటిసారి బయటి దేశంల వాడితే ఆపి, కస్టమర్‌కు ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు రాసిన సార్? మన సిస్టమ్‌ల ఆ సౌకర్యం ఉన్నది గద" అన్నారు సారు.

"ఉంటే? అన్నీ ఆపితే చిరాకుపడి వేరే బ్యాంకు కార్డు తీసుకుంటరు. బిజినెస్ పడిపోతది. సంతకం పెట్టండి."

"తాళం ఉన్నది, ఎయ్యం. పోయేది మన ఇంట్ల సొమ్ము గాదు గద. నేను పెట్ట."

ఈ మోసాలు ఎందుకు ఆగవో నాకు ఆరోజే అర్థమైంది. ఆపగలిగినవాళ్లకు నష్టం లేదు, అంతే.

సారు ఆమెతో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు రాయించి, ఆ సౌకర్యం వాడమని తాను రాసిన పాత లేఖలన్నీ జతచేశారు. ఆమె డబ్బు తిరిగొచ్చింది. ఆయనకు కాప్రా బదిలీ వచ్చింది. ఆ కుర్చీలోకి నేను వెళ్లాను. అలాంటి లేఖల మీద సంతకాలు పెట్టాను. ఒకసారి కలిసినప్పుడు సిగ్గుతో చెబితే, ఆయన తిట్టలేదు. "జెర పైలం. చేతికి అలవాటైతది" అన్నారంతే.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆఖరి చూపుకని సారు ఇంటికి మేనేజరు పెద్ద గులాబీల దండతో వచ్చాడు. గుమ్మంలోనే సారు భార్య అడ్డంగా నిలబడింది.

"దండ వద్దు సార్."

అతను దాన్ని పట్టుకుని మెట్ల మీదే ఉండిపోయాడు. లోపలికి వెళ్లేవాళ్లు అతన్ని తప్పుకుంటూ వెళ్తున్నారు. ఎండకు వాడిన రేకులు ఒక్కొక్కటే అతని బూట్ల మీద రాలుతున్నాయి.