ఎడమ పక్కకే పోయిన స్కేటు

ఈ ఉదయం ప్రొద్దుటూరులో, మా పాప స్కేటింగు నేర్చుకునే మైదానంలో గొంతు చించుకున్నాను. ఎంత చెప్పినా పిల్ల ఎడమ పక్కకే పోతోంది. "సక్కంగా పో! యాడ చూస్తాండావు?" అని అందరి ముందూ అరిచాను. తను మళ్లీ ఎడమకే పోయింది. కాసేపటికి పడింది.

లేపి, బూటు విప్పి తిప్పి చూశాను. అడుగున చక్రాలుండే పట్టీ ఎడమకు వంకరగా ఉంది. పాతది విరిగితే నిన్న ఆ కొత్త పట్టీ బిగించింది నేనే. రాహుకాలం వచ్చేలోగా అయిపోవాలని కొలవకుండానే బూటు అడుక్కి రంధ్రాలు వేశాను. పైగా కొబ్బరికాయ కూడా కొట్టాను.

ఇంటికొచ్చాక అడిగాను. "వంకరగా ఉందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాయనా. నువ్వే బిగించినావని అంతమందిలో ఎట్ల చెప్పేది?"

సాయంత్రం ఆ రంధ్రాలు బంకతో పూడ్చి, స్కేలు పెట్టి కొలిచి మళ్లీ బిగించాను. స్కేలు కదలకుండా పట్టుకున్నది పాపే. ఈసారి రాహుకాలం సంగతే గుర్తు రాలేదు.

తప్పు నాదేనని కూడా చెప్పాను. కానీ నేను తిట్టిందేమో మైదానంలో, తప్పు ఒప్పుకున్నదేమో ఇంట్లో, తలుపేసుకుని. రేపు మళ్లీ ఆ మైదానానికే పోవాలి. మీరైతే అక్కడ నోరు విప్పుతారా?