కాకుల్ని ఊరవతలికి తీసుకెళ్ళిన మామ

ఆ రోజులు అంటే ఏ తాతల కాలమో అనుకునేరు. చేతిలో సెల్‌ఫోను, అందులో లోకమంతా ఉన్న రోజులే. లేనిదల్లా నాకు పని. విరుదునగర్ శివార్లలో మా వీధి మొత్తం మరమగ్గాలే. రాత్రనక పగలనక ఒకటే దడదడ. అలాంటి వీధిలో పుట్టినవాడు నేతన్నా నేర్చుకోవాలి, చెవుడన్నా తెచ్చుకోవాలి. నేను రెండూ మాని వేణువు పట్టుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. డాక్యుమెంటరీలకీ చిన్న చిన్న సినిమాలకీ సొంతంగా సంగీతం కట్టి బతుకుతానని ఒకనాడు ఇంట్లో ప్రకటించాను. మా నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "దానికి ఎవురన్నా కూలి ఇస్తారా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. జవాబు నాకూ తెలియదు.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. అమ్మకు తమ్ముడు. కోవిల్‌పట్టిలో వేరుశనగ చిక్కీ తయారుచేసే కొట్టు ఆయనది (మా వైపు దాన్ని కడలమిఠాయి అంటాం). పిల్లల్లేరు. నన్ను ఆ కొట్టులో కూర్చోబెట్టాలని ఆయన ఆశ. గల్లాపెట్టె పక్కన నాకోసం కొత్త కుర్చీ కొని, ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా ఉంచాడు, "అల్లుడు వచ్చి వాని చేత్తోనే విప్పుకోవాల" అని. సంగీతం ఆయన దృష్టిలో రెండు రకాలు: గుడిలో పెట్టేది, కొట్టు ముందు పెట్టేది. చివరికి మా నాన్న తీర్పు చెప్పాడు. ఎవరైనా నమ్మి నాకు ఒక్క పని ఇచ్చి, అది నేను సరిగ్గా చేసి ఇస్తే నా దారి నాది. తప్పితే మారుమాట లేకుండా కోవిల్‌పట్టి బస్సెక్కాలి.

ఆ ఒక్క పని హైదరాబాదు నుంచి వచ్చింది. వాన కోసం కాచుకునే మా నల్లరేగడి నేల మీద డాక్యుమెంటరీ తీయడానికి ఒక దర్శకురాలు దిగింది. నేను డైరెక్టరక్క అనేవాణ్ణి. ముందు నన్ను పెట్టుకున్నది అక్కడి రైతుల తమిళం తనకు తెలుగులో చెప్పడానికి. తాతల నాడెప్పుడో ఇటు వలసొచ్చిన మా ఇళ్ళ తెలుగు విని, "తమ్ముడూ, మా నానమ్మ వాళ్ళ నానమ్మ ఇలా మాట్లాడి ఉంటుంది" అని పొట్ట పట్టుకుని నవ్వేది. ఒట్టపిడారం దగ్గర పొలం గట్టున ఖాళీగా కూర్చుని వేణువు ఊదుతుంటే విని, నవ్వు ఆపేసింది. సినిమా చివర్లో ఒక ముసలమ్మ చేలో నిలబడి ఆకాశంకేసి చూస్తూ ఉంటుంది. "అక్కడ మాట లేదు, వాన లేదు. నీ ఊపిరి ఒక్కటే వినపడాలి. కడతావా?" అంది. కడతానన్నాను. ఆ ఊపిరి మరమగ్గాల వీధిలో పట్టాలన్న సంగతి ఇంటికి వచ్చాకగానీ గుర్తు రాలేదు.

బాణీ బాగానే కుదిరింది. మా ఇంటి వెనకగదిలో మైకు పెట్టి ఊది, మచ్చుకు పంపాను. "బాగుంది తమ్ముడూ. కానీ వెనకాల రైలేమైనా వెళ్తోందా?" అని ఫోను చేసింది. "లేదక్కా, మా పెదనాన్న వాళ్ళ మగ్గం" అన్నాను. కరెంటు పోతే మగ్గాలు ఆగేవి. కరెంటు పోతే నా పాత కంప్యూటరూ ఆగేది. (పొలంలోకి పోయి ఊదొచ్చుగా అంటారు. ఊదాను. గాలి నాకన్నా బాగా ఊదింది.) మదురైలో స్టూడియో అద్దెకు తీసుకునే స్తోమత అక్కకీ లేదు, నాకూ లేదు.

సంగతి తెలిసి మామ బస్సెక్కి వచ్చాడు. గదంతా తిరిగి గోడల మీద కొట్టి చూసి, "మగ్గాల సత్తము రాకుండా ఉండాలంటే గోడలకి గోనెసంచులు కట్టాల అల్లుడా. మా గోడౌన్లో సంచుల మద్దెలో నిలబడి అరిస్తే మీ అత్తకి కూడా ఇనపడదు. ఆమెకే ఇనపడదంటే చూసుకో!" అన్నాడు. సాయంత్రానికల్లా మార్కెట్లో తెలిసినవాళ్ళని పట్టుకుని బండెడు ఖాళీ సంచులు తెచ్చి, తనే నిచ్చెనెక్కి గోడలకీ తలుపుకీ మేకులు కొట్టాడు. గది నిజంగానే నిశ్శబ్దమైంది. నేను వేణువు పెదాలకు ఆనించి గుండెల నిండా ఊపిరి పీల్చాను. అవి మిరపకాయల సంచులు. ఆ తరవాత నేను తుమ్మిన తుమ్ములకు మా పెదనాన్న మగ్గం ఆపి మరీ పరుగెత్తుకొచ్చాడు. "చూసినావా, మగ్గం ఆగె!" అన్నాడు మామ, తనూ తుమ్ముతూ. మర్నాడు వాటిని పీకేసి, తన కొట్టులోని శనగసంచులు తెచ్చి కట్టాడు. తుమ్ములు ఆగాయి గానీ మగ్గాల మోత సన్నగా వస్తూనే ఉంది.

ఇక మిగిలింది అమావాస్య. మా వీధిలో ఆ ఒక్కరోజు మగ్గం ఆడదు. అక్క సినిమా పంపాల్సిన గడువూ ఆ రోజే. మధ్యాహ్నంలోగా నా సంగీతం అందకపోతే బజార్లో దొరికే రెడీమేడ్ సంగీతం పెట్టేస్తానని కచ్చితంగా చెప్పింది. కానీ రికార్డింగు అమావాస్యనాడు అనేసరికి అదిరిపడింది. "మొదటి పని ఎవరైనా అమావాస్యనాడు పెట్టుకుంటారా? మా అమ్మకు తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదు!" మామ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "ఏమ్మా, మీ ఊళ్ళో పెద్దోళ్ళు అంత చెడ్డోళ్ళా? మాకు అమావాస నిండు దినము. కొత్త కొట్టు తెరిస్తే ఆ దినమే తెరుస్తాము. పోయినోళ్ళంతా మనల్ని చూడను వచ్చే దినము. వాళ్ళు వచ్చి పిలగానికి చెడుపు చేస్తారా? బయపడాకు." అవతల అక్క నవ్వుతూ, "సరే బాబాయ్, మీ పెద్దోళ్ళ మీదే భారం" అంది.

ఆ పొద్దున మామ తన కొట్టుకు తాళం వేసి మరీ వచ్చాడు. కాపలాకి అరుగు మీద కూర్చున్నాడు, పక్కన సంచీ నిండా విరిగిన చిక్కీ ముక్కలు. వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ శ్రద్ధగా వినలేదు. పక్కింటి కుళాయి కారడం వినపడుతోంది. ఆహా అనుకుని తలుపు వేసుకుని, వేణువెత్తాను. సరిగ్గా అప్పుడు, నెత్తిమీద, "కా... కా... కా..."

అయ్యో రామా! అమావాస్యనాడు పెద్దలకు పెట్టకుండా మా వీధిలో ఎవరూ మెతుకు ముట్టరు. ప్రతి మేడ మీదా ఒక ఆడమనిషి, చేతిలో ఆకు, ఆకులో అన్నం, నోట కాకి పిలుపు. పిలిచిన పిలుపుకల్లా పది కాకులు బదులు పలుకుతున్నాయి. పుట్టినప్పటినుంచీ వింటున్నదే, అదొక చప్పుడని నాకు ఎన్నడూ తోచలేదు. ఒక ఇంట్లో అయిపోతే మరో ఇంట్లో వంట దిగుతుంది. అందరి గొంతులకన్నా పైన మా అమ్మ గొంతు. పోనీ ఆగుదామంటే, తిన్న తరవాత మగవాళ్ళు మగ్గాలకు నూనె పోసి ఆడించి చూసుకుంటారు. బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయిపోయింది మామా. ఆ కుర్చీ కవరు విప్పుకుంటాలే" అన్నాను.

ఆయన ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అది. సరే పద అంటే చాలు, నేను ఆ సాయంత్రమే బస్సెక్కేవాణ్ణి. మామ నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. పంచె ఎగ్గట్టి వీధి మధ్యకు పోయి, పైకి చూస్తూ కేక పెట్టాడు. "అక్కా! అమ్మా! అందరూ ఆకులెత్తుకుని దిగండి. ఈ దినము పెద్దోళ్ళకి ఊరి బయట పెడదాము."

"ఏమిటికిరా?" అంది మా పెద్దమ్మ మేడ మీంచి. అమ్మకు పెద్దక్క, భర్త పోయిన మనిషి.

"పిలగాడు ఊదాల. మీరు ఈడ పిలిస్తే వాని బతుకు పోతాది."

"మా ఆయన ఇంటిమీదకే వస్తాడు గదరా ఎప్పుడూ. ఊరి బయటికంటే దోవ తెలియొద్దా?"

"బావకి కడలమిఠాయంటే పిచ్చి గదా పెద్దక్కా. నేను పిలుచుకొస్తా, నువ్వు దిగు!" అంటూ సంచీలోంచి ఒక గుప్పెడు చిక్కీ తీసి గాల్లోకి విసిరాడు.

ఆ ఊరేగింపు నేను కిటికీలోంచి చూశాను. ముందు మా నాన్న పాత మొపెడ్ మీద మామ, ఒంటి చేత్తో నడుపుతూ, ఇంకో చేత్తో చిక్కీ ముక్కలు చల్లుతూ. ఆయన వెనక నల్లగా మా వీధి పెద్దలందరూ, రెక్కలు కొట్టుకుంటూ. వాళ్ళ వెనక ఆకులు పట్టుకుని ఆడవాళ్ళు, కొందరు విసుక్కుంటూ, ఎక్కువమంది నవ్వుతూ. మలుపు దగ్గర మా అమ్మ వెనక్కి తిరిగి, ఇంకా చూస్తావేం, పోయి ఊదు అన్నట్టు చెయ్యి విసిరింది.

ఊదాను. సినిమాలోని ముసలమ్మను తలుచుకుని ఊదాలి నిజానికి. నాకు మామే కళ్ళముందున్నాడు. తన ఆశను తన చేత్తోనే ముక్కలుగా చల్లుకుంటూ పోతున్న మనిషి. అంత మంచి ఊపిరి నాకు మళ్ళీ ఎన్నడూ రాలేదు. చివరి స్వరం సన్నబడి, సన్నబడి, ఇక ఆగబోతుండగా, ఎక్కడో దూరంగా ఒకే ఒక్క కాకి, "కా" అంది.

మళ్ళీ ఊదుదామంటే వీధి చివర ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఉన్నదున్నట్టు పంపేశాను. మామ చెమటలు కక్కుతూ వచ్చి విని, నెత్తి కొట్టుకున్నాడు. "అది మా నాయనే అల్లుడా! బతికున్నప్పుడూ అంతే, ఎవురన్నా పాడతా ఉంటే మద్దెలో మాట్లాడేవాడు." నవ్వాలో ఏడవాలో తెలియక ఫోను చూస్తూ కూర్చున్నాం. అక్క ఫోను చేసింది. "ఆ కాకిని ఎక్కడ పట్టావు తమ్ముడూ? ముసలమ్మ కళ్ళెత్తే చోట సరిగ్గా అంది. అది లేకపోతే ఈ సినిమా లేదు" అంది. "మా తాత, అక్కా" అన్నాను. మామ అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

సినిమాని కోవిల్‌పట్టిలో ఒక కల్యాణమంటపంలో తెరకట్టి చూపించారు. చివర్లో ఆ కాకి అరవగానే మామ కుర్చీలోంచి లేచి నిలబడి, "మా నాయన!" అన్నాడు హాలంతా వినపడేట్టు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను తల దించుకోలేదు.

ఇప్పుడు చెన్నైలో నాకు చీమ చిటుక్కుమన్నా వినపడని గది ఉంది. అమావాస్య వస్తే మాత్రం కిటికీ తెరుచుకుంటాను. ఎంత మంచి సంగీతం కట్టినా, కట్టినవాళ్ళలో నా పేరు ఒక్కటే వేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఊరికి పోయినప్పుడల్లా కోవిల్‌పట్టిలో దిగుతాను. కొట్టులో ఆ కుర్చీ అలాగే ఉంది, కవరుతో సహా. దాన్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నన్ను చూడగానే మామ కండువాతో దుమ్ము దులిపి, "కొంచేపు కూర్చో అల్లుడా" అంటాడు. కూర్చుంటాను. ఆయన గల్లాపెట్టె దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి గిరాకీకీ నన్ను చూపిస్తూ ఉంటాడు. చెన్నై బస్సుకు వేళైనా నాకు లేవబుద్ధి కాదు.