కహి ఇంటి పందులు

కహి ఇంటి ముందుగదిలో ఆమె భర్త జంగా ఇంకా కూర్చునే ఉన్నాడు. పోయి రెండు వానాకాలాలు దాటాయి. మోకాళ్లు గడ్డానికి ఆనించి, బట్ట మీద బట్ట చుట్టి, ఆ మూల కూర్చోబెట్టారు. బంధువులంతా వచ్చి, తేవలసినవి తెచ్చి, పుచ్చుకోవలసినవి పుచ్చుకున్నాక రాతి సమాధిలోకి దింపుతారు. సుంబా దీవిలో ఇదేమీ వింత కాదు. మా గుట్ట మీద అంతకన్నా ఎక్కువకాలం కూర్చున్న పెద్దమనుషులున్నారు. కాని వాళ్లు కూర్చుంది దున్నలూ గుర్రాలూ సమకూరక. జంగా కూర్చుంది రెండు పందుల వల్ల. ఆ పందులు కొట్టంలో నిక్షేపంగా ఉన్నాయి.

ఊరు ఆమెను పందుల కహి అంటుంది. పందులు లేని ఇల్లు ఆ ఊళ్లో లేదు, అయినా పేరు ఆమెకే అంటుకుంది. తక్కినవాళ్ల పందులు పెళ్లికో చావుకో ఇల్లు దాటి వెళ్తాయి. కహి పందులు వెళ్లలేదు.

ఆమెను తిట్టేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. మా గుట్ట మీద గడ్డి తప్ప చెట్టుండదు. కట్టెలకు లోయలోకి దిగాలి, నెత్తిన మోపుతో ఎక్కాలి. మగవాళ్లు వక్క నములుతూ గుర్రాల గొప్పలు చెప్పుకునేవాళ్లు, ఆడవాళ్లు దిగి ఎక్కేవాళ్లు. కహి తల్లికి పొగలో వండి వండి చూపు పోయింది. చూపు పోయాక కూడా తడుముకుంటూ వెళ్లి పొయ్యి ఊదేది. అది చూస్తూ పెరిగిన మనిషి దగ్గరికి ఎవరో వచ్చి, పంది పెంటతో పొగ లేని పొయ్యి వెలిగిస్తామంటే నమ్మదా? నేనైనా నమ్ముతాను.

వచ్చినవాడు యెస్కియెల్. పర్యావరణం కోసం పనిచేసే ఒక సంస్థ వాయింగాపు పట్నంలో ఆఫీసు తెరిచి, ఈ కుపాంగ్ నగరపు కుర్రాణ్ని మా ఊళ్ల మీదికి పంపింది. మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది, చెడ్డవాడైతే తరిమేసేవాళ్లం. కహి పెరట్లో గొయ్యి తీయించి, సిమెంటుతో బోర్లించిన కుండలాంటి తొట్టి కట్టించాడు. కొట్టం కడిగిన పెంట నీళ్లలో కలిపి అందులో పోస్తే గ్యాసు పుట్టి, గొట్టం గుండా వంటింట్లోకి వస్తుంది. నీలి మంట లేచిన రోజున కహి మొదట కాచింది జంగాకి కాఫీ. అతను వాసన చూసి, తాగి, "బానే ఉందే, పంది గుర్తుకు రాలేదు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

సంస్థ ఆమెకు టోపీ ఇచ్చింది. ఇంటింటికీ తిరిగి చెప్పమంది. ఊరు ఊరుకుంటుందా.

"ఏం కహీ, ఇవాళ మీ కూరకి రుచి పంది ముందువైపు నుంచి వచ్చిందా, వెనకవైపు నుంచా?"

"నీ పెళ్లాం కళ్లలో నీళ్లు ఎటువైపు నుంచి వస్తున్నాయో ముందది చూసుకో," అనేది కహి. పట్టిన పట్టు విడవని మనిషి. ఏడాది తిరిగేసరికి ఊళ్లో సగం ఇళ్లలో నీలి మంట లేచింది.

తరువాతి ఏడాది ఒక్కొక్కటే ఆరిపోయింది. తొట్లు చెడలేదు. పందులు వెళ్లిపోయాయి. మా దగ్గర ఆడపిల్లనిచ్చిన ఇంటివాళ్లు, పుచ్చుకున్న ఇంట చావు జరిగితే పందీ బట్టా తీసుకెళ్లాలి. పుచ్చుకున్నవాళ్లు వీళ్లింటికి వచ్చేటప్పుడు గుర్రమో దున్నో తేవాలి, తిరిగి పంది పుచ్చుకుని వెళ్లాలి. ఒక పెద్ద చావు వస్తే గుట్ట మీది కొట్టాలు ఖాళీ అవుతాయి. సంస్థవాళ్లు పందికి ఎంత పెంట, పెంటకి ఎంత గ్యాసు అని చూసుకున్నారు. పంది ఎవరిదని అడగలేదు.

"మీ ఇష్టం అమ్మా," అన్నాడు యెస్కియెల్, కహి ఇంటి అరుగు మీద కూర్చుని. "నేను బలవంతం చెయ్యను. కానీ డబ్బిచ్చే పెద్దలు చూడ్డానికొస్తున్నారు. మీ ఇంట్లో కూడా ఆరిపోతే ఇంక ఈ ఊరికి మేం రావడమే ఉండదు. ఒక్క రెండు పందులు కొట్టం దాటకుండా చూడండి."

"దాటవు," అంది కహి.

పెద్దలు రావడానికి ఇంకా కొద్దిరోజులుందనగా కింది ఊరి నుంచి కబురొచ్చింది. జంగా అక్క హము భర్త పోయాడు. జంగా తాడు తీసుకుని కొట్టం దగ్గర నిలబడ్డాడు.

"ఏది కట్టను?"

"ఏదీ కట్టొద్దు."

"పోయింది మా అక్క మొగుడే."

"నాకు తెలీదా. నేను ఏళ్ల తరబడి నేసి దాచుకున్న బట్ట ఉంది, అది తీసుకెళ్దాం. దాన్ని మించిన బట్ట ఆ ఇంట్లోకి ఎవరూ తేలేరు."

"బట్టకి పంది తోడుండాలి కదే. వట్టి బట్టతో వెళ్తే పుట్టింటివాళ్లలా ఉండం, దారిన పోయేవాళ్లలా ఉంటాం."

"ఎవరో ఒకరు మొదలెట్టాలి కదయ్యా. ఎంతకాలం ఇలా పందుల్ని చావుల్లో తగలేసుకుంటాం? మా అమ్మ కళ్లు చూశావు నువ్వు."

ఆమె తల్లి కళ్ల మాట వస్తే జంగాకి నోరు లేవదు. తాడు గుంజకి తగిలించేశాడు.

చావు ఇంటి వాకిట్లో ఒక పెద్దమనిషి నిలబడి, వచ్చిన ఇల్లూ తెచ్చిన వస్తువూ గొంతెత్తి చెప్పడం ఆనవాయితీ. "పుట్టింటివారు వచ్చారు, బట్ట తెచ్చారు," అని ఆయన ఆగాడు. అందరూ తరువాతి మాట కోసం చూశారు. గంటలు వాయించేవాళ్లు కూడా చేతులు ఆపేశారు.

"పంది వెనకాల వస్తోందా తమ్ముడూ?" అని హము నెమ్మదిగానే అడిగింది.

జంగా తల దించుకున్నాడు. అప్పుడైనా కహి నోరు మూసుకుని ఉంటే, ఏదో లేనివాళ్లనుకుని సరిపెట్టుకునేవాళ్లు. ఊరుకోలేదు. అంతమంది ముందు, టోపీ పెట్టుకుని ఊళ్లు తిరిగినప్పటి గొంతుతో మాట్లాడింది.

"లేదు వదినా. మేం ఇక చావులకి పందుల్ని తేవడం మానేశాం. రేపు మా ఇంట్లో ఎవరు పోయినా మాకూ ఎవరూ తేవక్కర్లేదు. నేను అడగను."

హము ఆమె వైపు తిరిగింది. "మా ఆయన చల్లబడ్డాడు. నీ పొయ్యి చల్లబడకూడదు. అంతేగా కహీ?"

జంగాకి తల కొట్టేసినట్టయింది. పెద్దలు వచ్చిన రోజున నీలి మంట గుప్పున లేచింది, చప్పట్లు కొట్టారు, కహిని పొయ్యి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోలో జంగా లేడు. లోయలోకి దిగి ఉన్నాడు. నాలుగు పుల్లలు ఏరుకొచ్చి, పెరటి మూల మూడు రాళ్లు పెట్టి, తన కాఫీ తనే కాచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరువాత కహి ఎప్పుడు గ్లాసు తెచ్చి ఇచ్చినా చేత్తో పక్కకి జరిపేవాడు.

"ఏంటయ్యా ఈ వేషం? ఊరు నవ్వుతోంది."

"ఊరు నవ్వడం ఇవాళ మొదలా," అనేవాడు. అంతకు మించి తగవు పెట్టుకోలేదు. తగవు పెట్టుకున్నా బాగుండేదని కహికి అనిపించేది. కాని ఆమె మొండితనం ఆమెది. మంట ఆరిపోయిన ఇళ్లవాళ్లు ఆమెను చూసి మొహం తిప్పుకునేకొద్దీ ఇంకా బిగుసుకుంది. కుపాంగ్ తీసుకెళ్లి మైకు ముందు నిలబెడితే, చావు ఇంట్లో చెప్పిందే అక్కడా చెప్పింది. అక్కడ దానికి కూడా చప్పట్లే.

ఆమె మాట నిజంగా నమ్మినవాడు ఒకడున్నాడు, తమ్ముడు లపు. గుట్టకి అవతలి ఊళ్లో ఉంటాడు. తల్లికి చూపు పోయాక అక్క చేతి మీదే పెరిగినవాడు. అక్క చెప్పిందంటే అంతే. తొట్టి కట్టించుకున్నాడు, పందుల్ని కదపనన్నాడు, అత్తింటివాళ్లతో మాటలు పడ్డాడు, పడి నవ్వుతూ ఊరుకున్నాడు.

ఇంతలో సంస్థ దీవి మారింది. ఇక్కడి పని పూర్తయిందని యెస్కియెల్ ఫోనులో చెప్పాడు. ఏం పూర్తయిందో అతనూ చెప్పలేదు, కహీ అడగలేదు.

ఆ ఎండాకాలం చివర జంగాకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లే జీపు వచ్చేలోపే పోయాడు. బట్టలు చుట్టి కూర్చోబెట్టారు, కబుర్లు వెళ్లాయి, వాకిట్లో పెద్దమనిషి నిలబడ్డాడు. కహి పుట్టింటి దారి వైపు చూస్తూ కూర్చుంది. అడగనని ఆమె అన్న మాట నిజమే. కాని ఈ ఊళ్లో పుట్టిన మనిషి కళ్లు ఆ దారి వైపు చూడకుండా ఎలా ఉంటాయి? జంగాకి జరిగిన తలవంపు ఈ ఒక్క రోజైనా కడుక్కుపోవాలని ఆమె మనసంతా కొట్టుకుంది.

లపు వచ్చాడు. భుజాన బట్ట ఉంది. కహి అతని వెనక్కి చూసింది. వెనక అతని భార్య ఉంది, ఆమె వెనక ఎవరూ లేరు.

"పుట్టింటివారు వచ్చారు, బట్ట తెచ్చారు," అన్నాడు పెద్దమనిషి. ఈసారి ఆగలేదు, నీళ్లు తాగడానికి వెళ్లిపోయాడు.

లపు అక్క పక్కన చతికిలబడి, కళ్లు తుడుచుకుని, చెవిలో చెప్పాడు. "మావాళ్లు ఒంటికాలి మీద లేచారక్కా, పంది పట్టుకెళ్లకపోతే మొహం చూపించలేవని. నేను కదిలించలేదు. మా అక్క అంతమంది ముందు మాటిచ్చింది, నేను పంది తెస్తే ఆమె మాట ఏమైపోతుందన్నాను. మంచి పని చేశాను కదక్కా?"

కహి అతని తల మీద చెయ్యి వేసింది. "చేశావురా," అంది. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు ఆమెకి.

మరునాడు హము వచ్చింది. రాదనుకున్నారంతా. గుర్రం తెచ్చింది, చిన్నది కాదు, బూడిదరంగు పెద్ద గుర్రం. వెంట కింది ఊరి మనుషులు, గంటలు. ఆడపిల్లను పుచ్చుకున్న ఇల్లు తేవలసినదానికి రవ్వంత తక్కువ లేదు. తమ్ముడి ముందు కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చింది.

కహి కొట్టంలోకి వెళ్లి రెండు పందుల్నీ తనే కట్టి, తనే ఈడ్చుకొచ్చింది.

"ఇవేంటి?" అంది హము.

"నీకు ఇవ్వాల్సినవి వదినా. అప్పటిదీ ఇప్పటిదీ. తీసుకెళ్లు, నీ కాళ్లు పట్టుకుంటా."

"నాకు ఇవ్వాల్సినప్పుడు ఇవి పొయ్యి పందులు. ఇప్పుడు మా తమ్ముడి పందులు ఎలా అయ్యాయి?" హము లేచి, తన ముందు పెట్టిన వక్కాకుల పళ్లెం చేత్తో పక్కకి జరిపింది. "గుర్రం వాడికి. నీ దగ్గర నాకేం వద్దు. పొయ్యికే ఉంచుకో."

ఎదురిచ్చింది పుచ్చుకోకుండా ఆడపడుచు వెళ్లిపోతే, ఆ రెండిళ్ల మధ్య ఇక దారి లేనట్టే. ఆమె పుచ్చుకునేదాకా జంగాని సమాధిలోకి దింపడానికి లేదని ఊరి పెద్దలు తేల్చేశారు. గుర్రం వాకిట్లో మేస్తోంది. కహి కింది ఊరికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ హము ఆమెను వాకిట్లోనే నిలబెట్టి మంచినీళ్లిచ్చి పంపింది, దారిన పోయేవాళ్లకిచ్చినట్టు.

ఈమధ్య యెస్కియెల్ ఫోను చేశాడు. ఆఫీసులో ఎవరో అడిగారట, అప్పట్లో కట్టిన వాటిలో ఇప్పటికీ ఏదైనా వెలుగుతోందా అని.

"మాది వెలుగుతోంది సార్."

"ఆరలేదా, ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

అతను చాలా సంతోషించాడు. జంగా ఎలా ఉన్నాడని అడిగాడు. "కూర్చుని ఉన్నాడు," అంది కహి.

దింపేదాకా పోయినవాళ్లకి పొద్దున్నే కాఫీ పెట్టాలి. కహి మొదట్లో నీలి మంట మీదే కాచి పెట్టింది. సాయంత్రానికి గ్లాసు అలాగే ఉండేది. పోయినవాళ్ల గ్లాసు ఎవరింట్లోనైనా అలాగే ఉంటుంది. కాని కహికి, అతను బతికుండగా చేత్తో పక్కకి జరిపిన గ్లాసే కళ్ల ముందు కదిలేది. ఇప్పుడు మళ్లీ లోయలోకి దిగుతోంది. దారిలో ఆడవాళ్లు అడుగుతారు, "ఏం కహీ, గ్యాసు అయిపోయిందా?" అని. కహి మోపు ఎత్తుకుంటుంది.

తెల్లవారగానే పెరటి మూల మూడు రాళ్ల ముందు కూర్చుని ఊదుతుంది. పొగకి కళ్లు మండి నీళ్లు కారుతుంటే బట్ట అంచుతో తుడుచుకుని మళ్లీ ఊదుతుంది. కాఫీ కాగాక గ్లాసు తీసుకెళ్లి అతని ముందు పెట్టి, కాసేపు అక్కడే కూర్చుంటుంది.

"కట్టెల మీదే కాచానయ్యా," అంటుంది. "తాగు."